పొర పిన్ని, రెండు నీళ్ల సీసాలు

ఆడపిల్లల కళాశాలలో జీవశాస్త్ర ప్రయోగశాల పై అంతస్తులో చివరి గది. ఉదయం ఎనిమిదిన్నరకు దాని తాళం తీసేది ఒక్క మనిషే. ఆమెకు అసలు పేరు లేకపోలేదు, కాని హాజరు పట్టీలో సంతకానికి తప్ప అది ఎందుకూ పనికి రాలేదు. పిల్లలు, పంతులమ్మలు, గేటు దగ్గర కాపలాదారు, చివరికి పెద్ద మేడం కూడా ఆమెను పొర పిన్ని అనే పిలిచేవారు.

ఆ పిలుపు ఒక ఉల్లిపాయ వల్ల వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ల కిందట ఆమె ఆ గది ఊడ్చే పనిలో చేరింది. చదువు ఆరో తరగతితో ఆగిపోయింది. ఒకనాడు తరగతి జరుగుతుంటే ఉల్లిరేకు మీది పొర ఎవరికీ సరిగ్గా రాలేదు. లాగినదల్లా ముక్కలైపోతోంది. అప్పుడున్న ముసలి పంతులమ్మ తల పట్టుకుని కూర్చుంది. చీపురుతో గుమ్మంలో నిలబడ్డ ఈమె, "నేనొకసారి చూడనా అమ్మా" అన్నది. రేకును ఎదురు మడతపెట్టి టక్కున విరిచి, విరిగిన చోట గోటితో అందుకుని మెల్లగా లాగింది. ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత పలచని పొర వచ్చింది. పంతులమ్మ దాన్ని గాజుపలక మీద నీటి బొట్టులో పరిచి, మైక్రోస్కోపు కింద పెట్టి, పిల్లలందరికన్నా ముందు ఆమెనే చూడమన్నది. ఊడ్చే మనిషికి అంతమందిలో అంత మర్యాద చేసినవాళ్లు అంతకుముందు లేరు.

కనిపించినవి గదులు. గోడకు గోడ ఆనించి వరసగా కట్టిన పొడుగాటి గదులు, ఒక్కో దానిలో ఒక్కో చుక్క.

"ఇదంతా ఉల్లిపాయలోనేనా అమ్మా?"

"నీలోనూ నాలోనూ కూడా. మనకి ఆ గట్టి గోడలుండవు, అంతే తేడా."

పిన్ని తన చేతి వంక చూసుకుంది. ఇన్ని గదులు కట్టినవాడు ఒక్కదానిలో కూడా చుక్క పెట్టడం మర్చిపోలేదే అనుకుని, ఎవరూ చూడకుండా ఒక దణ్ణం పెట్టుకుంది. ఆ చుక్కను కేంద్రకం అంటారని తర్వాత తెలిసింది. దణ్ణం మాత్రం అలవాటైపోయింది. ప్రతి ఏడూ మొదటి తరగతికి ముందు మొదటి పలక తానే చూసి, కళ్లు మూసుకుని, ఆ తర్వాతే పిల్లల్ని పిలిచేది.

ఆ రోజు నుంచి పొరలు తీయడం ఆమె పనే అయింది. అలా ఆమె చేతి మీదుగా ఎంతమంది పిల్లలు మొదటిసారి కణాన్ని చూశారో ఆమెకే తెలియదు. ఉల్లిపొర అయ్యాక రియో ఆకు పొర. వరండాలోని కుండీల్లో పెరిగే ఆ మొక్క ఆకు పైన పచ్చగా, అడుగున ఊదాగా ఉంటుంది. అడుగు పొర తీస్తే ఒక్కో గదీ ఊదా రసంతో నిండి అద్దకం వేసిన గుడ్డలా కనిపిస్తుంది. దాన్ని చిరగకుండా తీయడం ఉల్లిపొరకన్నా కష్టం. పిల్లలు "పిన్నీ, నాకూ నాకూ" అని చుట్టూ మూగుతుంటే, "తొయ్యకండే, మీ పెళ్లిళ్లకి కూడా ఇంత తొందర పడరు" అని కసురుతూనే అందరికీ తీసిచ్చేది. ఆ మూగడం మీదే ఆమె బతుకు నడిచిందంటే అబద్ధం కాదు.

ఆ ఏడు జూన్‌లో ప్రయోగశాలకు ఒప్పందం మీద ఒక కొత్తమ్మాయి వచ్చింది. ముప్పయి దాటిన మనిషి, విజ్ఞానశాస్త్రంలో డిగ్రీ చదివింది, ముందు పనిచేసిన చోట మూసేస్తే ఇక్కడికి వచ్చింది. వచ్చిన మొదటి రోజే పిన్నికి తన స్టూలు జరిపి, "మీరు కూర్చోండి, నేను నిలబడతాను" అన్నది. రెండో వారానికి, పిన్ని చిన్న అక్షరాలు చదవడానికి కళ్లు చిట్లించడం చూసి, అలమారలోని పెట్టెల మీద పెద్ద పెద్ద అక్షరాలతో పేర్లు రాసి అంటించింది. మందుల సీసాల జోలికి మాత్రం పోలేదు. అవి పిన్ని సరుకని ఊరుకుంది. నిజానికి అన్నీ మంచి పనులే. ఒక్కొక్కటే పిన్నికి పంటి కింద రాయిలా తగిలింది.

అసలు బాధ వేరే ఉంది. ఆ అమ్మాయికి మాటలు వచ్చు. పొరకు రంగు పట్టేదాకా పిల్లలు ఊరికే కూర్చునే ఆ పది నిమిషాల్లో ఆమె కణం లోపలి సంగతులు చెప్పేది.

"మైటోకాండ్రియా అంటే పొయ్యి దగ్గర నిలబడ్డ అమ్మ అనుకోండి. తిన్నదాన్ని శక్తిగా మార్చి ఇంటిల్లిపాదికీ అందిస్తుంది, ఒక్కరూ బాగుందని చెప్పరు. గాల్జీ సంక్లిష్టం మూటలు కట్టే ఆవిడ. ఏ మూట ఎక్కడికి పోవాలో చూసి సాగనంపుతుంది. లైసోజోము చెత్త ఏరేసే మనిషి. దాని సంచీ పగిలిందా, ఇల్లే అరిగిపోతుంది."

"మా హాస్టలు వార్డెను ఏమవుతుంది అక్కా?" అని ఒక కళ్లద్దాల పిల్ల అడిగింది.

"ఆవిడ కణత్వచం. గోడ ఎవరినైనా రానిస్తుంది కాని, గోడకి లోపలివైపు ఆనుకుని ఉండే పొర రానివ్వదు. ఎవర్ని పంపాలో ఎవర్ని ఆపాలో అది చూసుకుంటుంది. నీళ్లని పోనిస్తుంది, ఉప్పుని ఆపుతుంది. అందుకే విచక్షణా త్వచం అన్నారు."

"మా వార్డెనుకి అంత విచక్షణ లేదక్కా. ఆవిడ నీళ్లని కూడా ఆపుతుంది."

గది గదంతా నవ్వింది. తొట్టి దగ్గర పలకలు కడుగుతున్న పిన్ని నవ్వలేదు. కుళాయి ఇంకాస్త తిప్పింది. 'చూసొచ్చినట్టే చెబుతోంది. మన మైక్రోస్కోపులో చుక్క కనపడటమే గొప్ప. ఆ పొయ్యీ, మూటలూ ఎవరు చూశారు? కనపడేదాన్ని చూపించేది నేను, కనపడని దాని గురించి చెప్పి పేరు కొట్టేసేది తాను' అనుకుంది. దీపావళి సెలవులు రాకముందే, వానలు తగ్గేలోపే, తలుపు దగ్గర పిల్లలు అడిగే మాట మారిపోయింది. "పిన్ని ఉందా" పోయి "అక్క ఉందా" వచ్చింది.

వార్షిక ప్రయోగ పరీక్షలకు వారం ముందు పెద్ద మేడం ఇద్దరినీ తన గదికి పిలిచింది.

"పిన్నీ, మీకింక పది నెలలే సర్వీసు. ఈసారి పరీక్షకి పొరలూ పలకలూ ఆ అమ్మాయిని సిద్ధం చెయ్యనివ్వండి. మీరు గుమ్మం దగ్గర కూర్చుని నంబర్లు ఇవ్వండి చాలు. మీ మోకాళ్లకీ విశ్రాంతి. ఇది సాఫీగా జరిగితే తన ఒప్పందం పొడిగించమని పైకి రాస్తాను."

ఆవిడ మంచికే అన్నది. పిన్ని మోకాళ్ల నొప్పి గురించి ఆ కళాశాలలో పట్టించుకున్నది ఆవిడ ఒక్కతే. కాని పిన్ని చెవికి మోకాళ్లు వినపడలేదు, గుమ్మం ఒక్కటే వినపడింది.

ఇంట్లో ఆమె భర్త దర్జీ. ముందుగదిలో మిషను ముందు కూర్చుని చొక్కాకు కాలరు కుడుతున్నాడు. ఆమె చెప్పులు విడిచిన తీరు చూసే అతనికి అర్థమైంది.

"పాలు ఎక్కడున్నాయో చూడు, నీ మొహం చూసి విరిగిపోగలవు. ఏమైంది?"

ఆమె చెప్పింది. అతను సూది ఎత్తి, "ఆ అమ్మాయి నీ జీతం లాక్కుందా?" అన్నాడు.

"లేదు."

"నీ కుర్చీ?"

"తన స్టూలే నాకిచ్చింది."

"మరి ఏం లాక్కుందే?"

"పిల్లల్ని" అన్నది పిన్ని. అతను ఇంకో చమత్కారం వెయ్యబోయి, ఆమె కళ్లు చూసి ఆపేశాడు. లేచి మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

ప్రయోగశాలలో ఒక సంగతి ఉంది, పిన్నికి తప్ప ఎవరికీ తెలియనిది. అలమార కింది అరలో రెండు గోధుమరంగు సీసాలు ఉండేవి. రెండింటి మీదా ఒకే చీటీ: స్వేదనజలం. ఒకదానిలో మాత్రమే ఆ నీళ్లు. నాలుగేళ్ల కిందట వేరే ప్రయోగానికి వాడే ఉప్పు ద్రావణం సీసా పగిలితే, ఖాళీగా ఉన్న నీళ్ల సీసాలో ఉప్పునీళ్లు కలిపి పోసి, గుర్తుకి మెడకు ఎర్రదారం కట్టింది. చీటీ మారుద్దామనుకుంటూనే రోజులు గడిచాయి. తీసేదీ పెట్టేదీ తానే కనుక ఎన్నడూ పొరపాటు జరగలేదు.

పరీక్షకు ముందురోజు కొత్తమ్మాయి బల్లలు సర్దుతూ ఆ అర ముందు కూర్చుంది.

"పిన్నీ, రెండింటి మీదా ఒకే చీటీ ఉందేంటి? రెండూ నీళ్లేనా?"

పిన్ని గాజుపలకలు తుడుస్తోంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే కళ్లద్దాల పిల్ల తలుపులోంచి తల పెట్టి, పిన్నిని దాటి చూస్తూ, "అక్కా, రేపు మాకు తేలికైన ఆకే ఇప్పించక్కా" అని వెళ్లిపోయింది.

"డిగ్రీ చదివావు కదమ్మా" అన్నది పిన్ని. "చీటీ చదవడం రాదూ?"

కొత్తమ్మాయి నొచ్చుకోలేదు. పెద్దావిడ విసుగులో ఉందనుకుంది. "ఈ దారం?"

"చెయ్యి జారకుండా."

మర్నాడు ఉదయం మొదటి జట్టు ఇరవై నాలుగు మంది. పిన్ని గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని నంబర్ల చీటీలు పంచింది. లోపల కొత్తమ్మాయి నిండుగా ఉన్న సీసానే తీసింది. మెడకు దారం ఉన్నదది. డ్రాపర్లన్నీ అందులోంచే నింపింది. పిన్ని చూసింది. ఇంకా సమయం ఉంది. 'మొదటి పలక చూస్తే తనకే తెలుస్తుంది కదా' అని మనసుకు సర్దిచెప్పుకుంది. కొత్తమ్మాయికి ఇరవై నాలుగు పొరలు తీసేసరికే గంట కొట్టారు, మొదటి పలక చూసే తీరిక దొరకలేదు.

ప్రశ్న తేలికైనదే. రియో ఆకు అడుగు పొరను నీటిలో చూసి, కణం బొమ్మ గీసి, భాగాలు గుర్తించాలి. పది నిమిషాలయ్యాక కళ్లద్దాల పిల్ల చెయ్యెత్తింది. తర్వాత ఆ పక్కపిల్ల. బయటి కళాశాల నుంచి వచ్చిన పరీక్షకుడు, నెమ్మదస్తుడైన పెద్దమనిషి, ఒక మైక్రోస్కోపులో చూశాడు, ఇంకోదానిలో చూశాడు.

"ఇవి నీళ్లలో పెట్టినవేనా అమ్మా?"

"అవును సార్."

"అన్నీ ముడుచుకుపోయి ఉన్నాయే. ఇది చూసి పిల్లలేం గీస్తారు?"

కొత్తమ్మాయి వంగి చూసింది. "ఉప్పు తగిలినట్టుంది సార్" అన్నది. సీసా తెచ్చి చూపించింది. చీటీ స్పష్టంగా ఉంది. "అయితే ఆకులే వాడిపోయి ఉంటాయి, లేదా డ్రాపర్లు సరిగ్గా కడగలేదు" అన్నాడాయన. కబురందుకుని వచ్చిన పెద్ద మేడం ముఖం గంటుపెట్టుకుంది. కొత్తమ్మాయి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడిపోయింది.

గుమ్మంలో పిన్నికి ఒక్క క్షణం గుండెల్లో చల్లగా అనిపించింది. దాచడం ఎందుకు, నిజంగానే అనిపించింది. తర్వాత కళ్లద్దాల పిల్ల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది.

ఆమె లేచి లోపలికి వచ్చి ఆ పిల్ల మైక్రోస్కోపులో చూసింది. ఉప్పునీళ్లు లోపలి నీటిని లాగేస్తే, ప్రతి గదిలోనూ ఊదారంగు గోడల్ని వదిలేసి నడిమికి ముద్దగా ముడుచుకుని ఉంది. గోడకు ఆనుకుని ఉండాల్సిన పొర దూరంగా జరిగి, ఆ ముద్ద చుట్టూ సన్నటి అంచులా కనిపిస్తోంది. మామూలప్పుడు ఎవరికీ కనిపించని అంచు అది.

"ఇంకా చావలేదు సార్ ఇవి" అన్నది. దారం లేని సీసా తీసి, పలక మీది సన్నని గాజుబిళ్ల అంచున ఒక చుక్క వేసింది. ఎదుటి అంచున అద్దుడు కాగితం ముక్క ఆనించింది. కాగితం ఉప్పునీటిని పీల్చుకుంటుంటే కొత్త నీరు బిళ్ల కిందికి పాకింది. రెండు మూడు నిమిషాల్లో ఊదారంగు కాస్త కాస్తగా పొంగి గోడల దాకా వెళ్లి ఆనుకుంది.

"వచ్చింది పిన్నీ" అన్నది ఆ పిల్ల, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

పిన్ని ఇరవై నాలుగు బల్లలూ తిరిగింది. మూడింటిలో కణాలు కోలుకోలేదు. వాటికి కొత్త పొరలు తీసిచ్చింది. పరీక్షకుడు ఒక పావుగంట ఎక్కువిచ్చాడు. "అనుభవం అంటే ఇదీ" అని పెద్ద మేడంతో అన్నాడు. ఆవిడ తేలికపడి, "మా పిన్ని బంగారం సార్" అని, కొత్తమ్మాయి వైపు తిరిగి, "చూసి నేర్చుకోమ్మా. మధ్యాహ్నం జట్టుకి బల్ల దగ్గర పిన్ని ఉంటారు. నువ్వు నంబర్లివ్వు" అన్నది.

ఇన్ని నెలలుగా కోరుకున్నదంతా ఒక్క పూటలో చేతికొచ్చింది. పిల్లలు బయటికి వెళ్తూ "పిన్ని లేకపోతే ఏమైపోయేవాళ్లం" అనుకోవడం కూడా ఆమె చెవిన పడింది.

మధ్యాహ్నం విరామంలో అందరూ తినడానికి వెళ్లారు. కొత్తమ్మాయి వెళ్లలేదు. తొట్టి దగ్గర నిలబడి డ్రాపర్లన్నీ కడుగుతోంది. కడిగినవి మళ్లీ కడుగుతోంది. సబ్బుకి వేళ్లు పాలిపోయి ముడతలు పడ్డాయి.

"తినలేదా?" అన్నది పిన్ని.

"ఎక్కడ తప్పు జరిగిందో తెలిసేదాకా సహించదు పిన్నీ. ఇవి నిన్న రెండుసార్లు కడిగాను. మూడుసార్లు కడగాల్సిందేమో. ఆకులు కూడా ఆరింటికే కోశాను, తొందరపడ్డాను. పిల్లల మార్కులు పోయుంటే నా పాపమే అయ్యేది. మీరు కాపాడారు." తలెత్తి చూసింది. "మీరు తిన్నారా? మోకాళ్లు నొప్పిగా ఉంటే కూర్చోండి, పొరలకి ఆకులు నేను కోసి తెస్తాను."

ఆ అమ్మాయి వెతుకులాటలో తన మీద తనకు వచ్చిన అనుమానాలే అన్నీ. పిన్ని మీద ఒక్కటీ లేదు. దేవుడు కొందరి చేత తిట్టించి బుద్ధి చెబుతాడు, కొందరి చేత ఇలా కూర్చోమనిపించి చెబుతాడు. పిన్ని కూర్చోలేదు.

"అవి కడగడం ఆపు. డ్రాపర్లలో ఏమీ లేదు. దారం కట్టిన సీసాలో ఉన్నది ఉప్పునీళ్లు."

కుళాయి పారుతూనే ఉంది. కొత్తమ్మాయి దాన్ని కట్టేసింది.

"మీకు ఇప్పుడు తెలిసిందా?"

"నేనే కలిపాను. నాలుగేళ్లయింది."

"నిన్న నేను అడిగినప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

వరండాలో ఎవరో కుర్చీ ఈడుస్తున్నారు.

"ఎందుకు పిన్నీ? నేనేం చేశాను మీకు?"

పిన్ని చాలా జవాబులు వెతికింది. మతిమరుపు, కంటిచూపు, పని ఒత్తిడి. అన్నీ అందుబాటులోనే ఉన్నాయి.

"పిల్లలు నిన్ను అక్కా అని పిలుస్తున్నారు" అన్నది.

కొత్తమ్మాయి చేతులు తుడుచుకుని ఆ గుడ్డను మడతపెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టింది. పెద్ద మేడంతో చెప్పమని అడగలేదు. వద్దనీ అనలేదు. అడిగి ఉంటే పిన్నికి కొంచెం తేలికయ్యేది. అడగలేదు కనుక తానే వెళ్లాల్సి వచ్చింది.

పెద్ద మేడం గదిలో పరీక్షకుడు కూడా ఉన్నాడు. ఇద్దరి ముందూ పిన్ని నిలబడి చెప్పింది. సీసా సంగతి, చీటీ సంగతి, అడిగినప్పుడు తానన్న మాట, పొద్దున్న డ్రాపర్లు నింపుతుంటే చూస్తూ ఊరుకున్న సంగతి. ఎక్కడా గొంతు తగ్గించలేదు, ఎక్కడా ఏడవలేదు.

పెద్ద మేడం పెన్ను మూత పెట్టింది. "ఇన్నేళ్లలో మీ గురించి నేను ఒక్క చెడ్డమాట రాయలేదు పిన్నీ."

"ఇప్పుడు రాయండి మేడం. ఆ అమ్మాయి గురించి మాత్రం రాయకండి."

"రాస్తాను" అన్నదావిడ. "ఈ పరీక్షలయ్యేదాకా మీరు బల్ల ముట్టుకోవద్దు. గుమ్మం దగ్గరే ఉండండి. ఆ తర్వాత గ్రంథాలయానికి మారుస్తాను." కాసేపాగి, "అక్కడ మెట్లు లేవు" అన్నది. కోపంలో కూడా ఆవిడకు మోకాళ్లు గుర్తున్నాయి. పరీక్షకుడు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. ఆమె సిగ్గుపడటం చూడకుండా ఉండటానికి ఆయన చేయగలిగింది అదే.

రెండున్నరకు రెండో జట్టు వచ్చింది. పొద్దుటి గొడవ తర్వాత, ఈసారి ఎవరి పొర వాళ్లే తీసుకోవాలన్నాడు పరీక్షకుడు. లోపల బల్ల దగ్గర కొత్తమ్మాయి ఉంది. ఆమె పిన్ని వైపు ఒక్కసారి కూడా చూడలేదు. గుమ్మం దగ్గర పిన్ని నంబర్లు పిలిచింది. చివరన ఒక పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. బస్సు దొరకలేదట, జడ ఊడిపోయి, ఊపిరందక మాట రావడం లేదు.

"పిన్నీ, పొర తీయడం మర్చిపోయాను. నాకేమీ గుర్తు రావట్లేదు."

పిన్ని చెయ్యి దానంతటదే ఆకు కోసం కదిలింది. దాన్ని వెనక్కి తీసుకుని, ఆ పిల్ల భుజం పట్టుకుని బల్ల దాకా నడిపించింది.

"ఈ పిల్ల భయపడిపోయింది. కాస్త దగ్గరుండి చూపించమ్మా."

కొత్తమ్మాయి అప్పటికీ తలెత్తలేదు. కాని పక్కనున్న స్టూలు కాలితో ఆ పిల్ల వైపు జరిపి, "ఊపిరి తీసుకో ముందు, ఆకు ఎక్కడికీ పోదులే" అన్నది. పిల్ల సన్నగా నవ్వి, "సరే అక్కా" అన్నది.

పిన్నికి గుండెలో ముల్లు కదిలింది. నిన్న కదిలినంత కదిలింది, ఏమీ తగ్గలేదు. దాన్ని అలాగే ఉండనిచ్చి గుమ్మం దగ్గరికి వెళ్లి కూర్చుని, తర్వాతి నంబరు పిలిచింది.